ఆఖరి చేద, నా దవడ పన్ను

వైశాఖ శుద్ధ నవమి

సముద్రం అడుగునున్న లోతూరు నుంచి తాడు మీద మనుషుల్ని పైకీ కిందికీ మోసే గది చేద. ఈ లాగ్‌లో దాని సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. తాడు ఎలా ఉంది, ప్రవాహం ఎటు లాగుతోంది, ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు, అంతే. కానీ చేద నడిపే మనిషికి పన్ను నొప్పి వస్తే అది కూడా చేద సంగతే అని నేను తీర్మానించుకున్నాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చి నా కుడి దవడ ముట్టుకుని చూడవచ్చు, కరవకపోతే అడగండి.

నిన్న అష్టమి చేద సవ్యంగా పైకి బయల్దేరింది. అమావాస్యకూ పౌర్ణమికీ ఇక్కడ ప్రవాహం మనిషిని నిలబడనివ్వదు. అష్టమికి మెత్తబడుతుంది. అష్టమి నాడు ప్రయాణమేమిటని కొత్తవాళ్ళు మొహం చిట్లిస్తారు గానీ లోతూరులో అంతకన్నా మంచి రోజు లేదు. వచ్చే బహుళ అష్టమి చేదే ఈ ఏడాదికి ఆఖరుది. ఆ తర్వాత వానలు, తుపాన్లు. మళ్ళీ పుష్యమాసం దాకా పైకీ కిందికీ రాకపోకలు ఉండవు.

ఆ ఆఖరి చేదలో నేను పెళ్ళికి వెళ్ళాలి. పెళ్ళి నాదే.

పెళ్ళికొడుకు పోలిరాజు. తాడు కింది కొస నా చేతిలో, సముద్రం మీద తెప్పలో పై కొస ఆయన చేతిలో. తాడులోనే టెలిఫోను తీగ ఉంది. ఆరేళ్ళుగా దాని మీదే మా కాపురం. నేను వదులు అంటే ఆయన వదులుతాడు, ఆపు అంటే ఆపుతాడు, ఆలస్యమైతే నేను తిడతాను. పని అయ్యాక కూడా ఫోను పెట్టేది లేదు. నలభై ఆరేళ్ళ వయసులో ఇదేం సంబడమని ఊళ్ళో నవ్వుకున్నారు. నవ్వుకోనివ్వండి.

వానలు మొదలవగానే ఆయన్ని ఉత్తరాన వేరే తెప్పకు మారుస్తున్నారు. అప్పుడు ఈ తాడు చివర ఇంకెవరో ఉంటారు. నేను ఈ చేద ఎక్కితేనే ఇద్దరం కలిసి ఆ తెప్పకు వెళతాం. ఎక్కకపోతే ఆయన ఒకచోట, నేను ఒకచోట, మధ్యలో తీగ కూడా ఉండదు. అది తలుచుకుంటే పన్ను కన్నా ఎక్కువ నొప్పిగా ఉంది.

పొద్దున ఊరి గాలిని శుభ్రం చేసే డబ్బాల్లో సున్నం మారుస్తూ వంగాను. అంతే, దవడలోంచి చెవిలోకి ఎవరో మేకు దింపినట్టయింది. పోయిన నెల రూట్ కెనాల్ చేయించుకున్న పన్నే.

"ఏటి రత్నం, ఇయ్యాల తిట్టనేదు?" అని ఫోనులో అడిగాడు పోలిరాజు.

"పని ఉంది" అన్నాను.

"నీకు ఒంట్లో బాగోనేదు" అన్నాడు వెంటనే.

శుద్ధ దశమి

పళ్ళ డాక్టరు కుసుమ లోతూరులోనే పుట్టి, పైన చదివి, మళ్ళీ కిందికి వచ్చిన పిల్ల. నన్ను అక్క వరస కలిపి అప్పా అని పిలుస్తుంది. మంచి చెయ్యి. చెయ్యి మంచిదైతే సరిపోదని ఇవాళ తెలిసింది.

ఎక్స్‌రేలో పన్ను వేరు మధ్యన సన్నటి తెల్లగీత ఉంది. కుసుమ దాన్ని దీపానికి ఎత్తి పట్టి రెండోసారి చూసింది. డాక్టర్లు రెండోసారి చూస్తే నాకు గుండె దడ.

"సూది ముక్క, అప్పా. పోయిన నెల నేను వేరు లోపల గోకుతున్నప్పుడు విరిగింది. నాకు తెలియలేదు. తప్పు నాదే" అంది.

"సూది పొట్టిదైపోతే తెలవదేటి?"

ఆమె సూదుల పళ్ళెం నా ముందు పెట్టింది. పంటి వేరులో గోకడానికి వాడే మెలికల సూదులు, వెంట్రుక కన్నా కాస్త లావు. ఏ రెండూ ఒక పొడుగు లేవు. లోతూరులో ఏదీ పారెయ్యం కదా. మొన మొద్దుబారిన సూదిని సామాన్ల కొట్టుకు పంపితే అక్కడ అరగదీసి కొత్త మొన తీసి పంపుతారు. మళ్ళీ మరగబెట్టి వాడతారు. అన్నీ పొట్టివైనప్పుడు ఏది ఇవాళ పొట్టిదైందో ఎవరికి తెలుస్తుంది?

కుసుమ విడమరిచి చెప్పింది. ముక్క దారికి అడ్డం పడింది. దాని కింద ఉన్న కొస శుభ్రం కాలేదు. అక్కడ చీము పడుతోంది, చీముతోపాటు గాలి బుడగా చేరుతోంది. ఇక్కడ మేం బరువైన గాలిలో బతుకుతున్నాం. చేదలో ఆ బరువును నాలుగు రోజులపాటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పైకి వెళతాం. బరువు తగ్గేకొద్దీ ఇరుక్కున్న గాలి ఉబ్బుతుంది. దవడ ఎముకలో ఉబ్బడానికి చోటెక్కడుంది?

"దారి మధ్యలో పన్ను పగలొచ్చు. చీము ఎముకలోకి పాకొచ్చు. ఇలా ఉంటే నువ్వు చేద ఎక్కొచ్చని నేను సంతకం పెట్టలేను అప్పా."

"అలగయితే పీకీ."

"పీకితే పచ్చి గాయం. నోట్లో పచ్చి గాయం ఉన్నవాళ్ళు నెల్లాళ్ళు చేద ఎక్కకూడదు. గోడ మీద రాసి ఉంది."

ఆ గోడ మీద రాయించింది నేనే. పెద్ద అక్షరాలతో.

మిగిలింది ఒకటే దారి. ముక్క బయటికి తియ్యాలి, లోపలంతా మళ్ళీ శుభ్రం చెయ్యాలి, గాలి చుక్క మిగలకుండా నింపాలి. అష్టమి లోపు వాపు పూర్తిగా తగ్గాలి. ఈ అరిగిన సూదులతో మళ్ళీ దిగితే రెండో ముక్క విరగడం ఖాయమట. కొత్తవి కావాలి. పైనుంచి తెప్పిద్దామంటే చేద దిగేదే ఆ అష్టమికి.

"కొత్తవి కిందే ఉన్నాయి" అంది కుసుమ మెల్లగా. "సామాన్ల కొట్టు గవరయ్య తాత దగ్గర, సీలు తియ్యని పెట్టె. నేను వచ్చినప్పటి నుంచీ అడుగుతున్నాను."

శుద్ధ ఏకాదశి

గవరయ్య మావయ్య కొట్టు ముందు నిలబడి బతిమాలాను. నేను బతిమాలడమంటే ఊళ్ళో వింతే. ఇద్దరు ముగ్గురు నాచు కోతలు ఆపి మరీ వచ్చి చూశారు.

పెట్టె పై అరలో కనిపిస్తూనే ఉంది. మూత మీద పన్ను బొమ్మ.

"పాతయి ఉండగా కొత్తయి దేనికే గుంటా?" అన్నాడు ఆయన, నలభై ఆరేళ్ళ నన్ను ఇంకా చిన్నపిల్లలాగే పిలుస్తూ. "పాతయి అయిపోనీ, ఇస్తాను."

"లోతూరులో పాతయి ఎప్పుడైనా అయిపోయాయేటి మావయ్యా?"

"అయిపోకుండా సూసుకోడానికే నానున్నాను."

ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఊరు కట్టిన కొత్తలో ఒక ఏడాది తుపాను మీద తుపాను వచ్చి చేద దిగనేలేదు. అప్పుడు ఆయన దాచిన చిల్లు డబ్బాలు, తీగ ముక్కలు, వాడేసిన సున్నం, అవే మమ్మల్ని బతికించాయి. ఆ ఏడాది చూసినవాళ్ళెవరూ ఆయన ముందు గొంతు పెంచరు. నేనూ చూశాను. నోరు మూసుకుని వచ్చేశాను. మూసుకుంటే ఇంకా నొప్పి.

సాయంత్రం పోలిరాజుకు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నానే కిందికొచ్చీనా?" అన్నాడు.

"వస్తే తాడెవరు లాగుతారు?"

"అదీ నిజమే" అని నిట్టూర్చాడు. తర్వాత, "నీ పిట్ట గొంతు వినకపోతే నాకు పొద్దు గడవదు రత్నం" అన్నాడు.

అక్కడ ఇంకో భయం పట్టుకుంది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడి గాలిలో హీలియం కలుపుతారు కాబట్టి లోతూరులో ముసలాళ్ళతో సహా అందరివీ పిట్ట గొంతులే. చిన్నప్పుడు పైన ఉండగా నన్ను బళ్ళో అందరూ మగరాయుడు గొంతని ఏడిపించేవారు. పోలిరాజు ఈ ఉద్యోగంలోకి వచ్చేసరికే నేను కింద ఉన్నాను. ఫొటోలు చూసుకున్నాం. నా అసలు గొంతు మాత్రం ఆయన ఒక్కసారి కూడా వినలేదు.

శుద్ధ త్రయోదశి

ఇవాళ తాడు మార్చే రోజు. ఆఖరి చేదకు ఎప్పుడూ కొత్త తాడే కడతాం. పాతది ఎంత బాగున్నా సరే, ఒక ఏడాది మనుషుల్ని మోసిన తాడు మళ్ళీ మనుషుల్ని మొయ్యదు. నాచు మళ్ళకు కట్టడానికి పోతుంది. లోతూరులో పాతది ఉండగానే కొత్తది వాడేది ఇదొక్కటే. పాత తాడు విప్పుతుండగా బుర్రలో దీపం వెలిగింది. ఇన్నాళ్ళూ ఎందుకు వెలగలేదో! నొప్పి అయుంటుంది.

పాత తాడు చుట్ట భుజాన వేసుకుని కొట్టుకు పోయాను.

"మావయ్యా, ఇది సూడు. ఎక్కడైనా పోగు లేచిందేటి?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని బారలు బారలుగా లాగి చూశాడు. అలాంటి పని ఇస్తే ఆయనకు పండగే.

"సుబ్బరంగా ఉందే. ఏటైనాది?"

"ఏటీ అవనేదు. అందుకే ఆఖరి చేదకి ఇదే ఉంచీసాను. కొత్తది నీ కొట్లో దాచీ. పాతది అయిపోయాక ఇద్దువు గాని."

ఆయన చెయ్యి తాడు మీద ఆగిపోయింది.

"ఆఖరి చేదలో ఎవలెవలు ఎక్కుతున్నారు?"

"నాను ఎక్కితే నాను. మరి పెళ్ళికూతురి తరఫు పెద్ద నువ్వే కదేటి, నువ్వు ఎక్కవా?"

"పాత తాడు మీదా!" ఆయన లేచి నిలబడ్డాడు. "నీకు మతి పోయిందేటే? పైకి బాగానే కనబడతాది. లోపల ఎన్ని మెలికలు తిరిగుంటాదో, ఎన్నిసార్లు సాగుంటాదో! తాడుకి ఆయుష్షు ఉంటాదే గుంటా!"

"సూదికి నేదేటి?"

ఇంతకన్నా నేనేమీ అనలేదు. దవడ ఉబ్బి ఉంది, మాట్లాడటం కష్టం. ఆయన నా దవడ చూశాడు. ఆ వాపు ఆయన ఇంతవరకూ సరిగ్గా చూడలేదనుకుంటాను. తర్వాత పై అర చూశాడు. నాకు ఆయన మీద జాలేసింది. ఊరిని బతికించిన పద్ధతి నా పన్ను దగ్గర తప్పిందని ఒప్పుకోవడం ఆ వయసులో తేలిక కాదు.

స్టూలు వేసుకుని ఎక్కి పెట్టె దించాడు. సీలు చింపి, ఆ సీలు ముక్కను కూడా జేబులో వేసుకున్నాడు.

"పెట్టె మొత్తం తీసుకుపో. ఇకమీదట ఏ సూది ఎన్ని పళ్ళకో ఆ డాక్టరు గుంటనే సెప్పమను, తాడు లెక్క నువ్వు సెప్పినట్టు" అన్నాడు. నేను గుమ్మం దాటుతుండగా వెనకనుంచి మళ్ళీ కేకేశాడు. "పాత సూదులు మటుకు నాకు పట్రా! ఆల్చిప్పలు శుభ్రం సెయ్యడానికి పనికొస్తాయి!"

వైశాఖ పౌర్ణమి

పని ఉదయం మొదలై సాయంత్రానికి తేలింది. మత్తు ఇచ్చారు కాబట్టి నొప్పి లేదు గానీ, వేరు లోపల ముక్కను వదులు చెయ్యడానికి కుసుమ పెట్టిన వణికే సూది చప్పుడు పుర్రె అంతా తిరిగింది. గాలి యంత్రం పక్కన తల పెట్టుకుని పడుకున్నట్టు ఉంది. మధ్యలో రెండుసార్లు ఆపి తన మెడ తనే పిసుక్కుంది. వంగి వంగి ఆ పిల్ల నడుము ఏమైపోయిందో.

"అవ్వకపోతే?" అని వేళ్ళతో సైగ చేసి అడిగాను.

"అవుతుంది" అంది. అవుతుందని తనకు తెలిసి అన్న మాట కాదు అది. అయినా నాకు ఆ మాటే కావలసి వచ్చింది.

చివరికి దూది మీద పెట్టి చూపించింది. చీమ కాలంత ఉంది. నెల్లాళ్ళు పంట్లో దాక్కుని, నన్ను ఏడిపించి, పెళ్ళి చెడగొట్టబోయింది ఇదా! కోపం వచ్చి, వెంటనే నవ్వు వచ్చి, మత్తులో సగం నోరే నవ్వింది. కుసుమ మాత్రం కళ్ళు తుడుచుకుంది.

కొత్త సూదులతో కొస దాకా శుభ్రం చేసి, లోపల మందు పెట్టి, తాత్కాలికంగా మూసింది. వాపు తగ్గితే పంచమికి అసలు నింపుడు. తగ్గకపోతే ఏమిటని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

బహుళ పంచమి

తగ్గింది! పొద్దున అద్దంలో నాకు రెండు దవడలూ ఒకేలా కనిపించాయి. ప్రాణం లేచి వచ్చింది. కుసుమ పన్ను తెరిచి, చీము లేదని చూసి, పూర్తిగా నింపేసింది. ఎక్స్‌రేలో వేరు కొస దాకా తెల్లగా, మధ్యలో ఎక్కడా నల్ల చుక్క లేదు.

తర్వాత నన్ను చిన్న గాలిగదిలో కూర్చోబెట్టి కాస్త బరువు తగ్గించి చూశారు. ఏమీ కాలేదు.

"ఈ గదిలో కొంతవరకే తెలుస్తుంది అప్పా. మిగతాది చేదలో తేలాలి. పైకి వెళ్ళేకొద్దీ పన్ను లోపల నొప్పి పెరుగుతుంటే ఆపమను. ఆపాక కూడా తగ్గకపోతే కిందికి వచ్చెయ్. మొండితనం చెయ్యకు."

"నాకు మొండితనం ఎక్కడిది?" అన్నాను. గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు.

సంతకం పెట్టింది. నేను ఫోను దగ్గరికి పరుగెత్తాను. పోలిరాజు హలో అనేలోపే, పెళ్ళికి తెచ్చే పూలు వాడిపోయినవి తెస్తే తెప్ప మీదనుంచి తోసేస్తానని తిట్టాను.

"హమ్మయ్య, బాగయిపోయింది" అన్నాడు.

బహుళ అష్టమి

ప్రవాహం మెత్తగా ఉంది. కొత్త తాడు. కింది కొస పైడమ్మకు అప్పగించాను. మూడేళ్ళుగా నా దగ్గర పని నేర్చుకుంది, నాకన్నా ఓపికమంతురాలు. తలుపు బిగించేముందు ఊరంతా చేద చుట్టూ చేరారు. నాచుతో దండ కట్టి నా మెడలో వేశారు. ఏడవకూడదనుకున్నాను, కుదరలేదు.

చేదలో నేను, గవరయ్య మావయ్య, ఆయన మూట. ఆ మూటలో ఏముందో చెప్పడు.

బహుళ దశమి

మధ్యాహ్నం భోజనం అయిన కాసేపటికి అదే పక్క, అదే పన్ను. సన్నగా పొడిచింది.

ముందు కాదనుకున్నాను. రెండోసారి పొడిచింది. ఫోను తీసి "ఆపు" అన్నాను. పోలిరాజు ఎందుకని అడగలేదు. చేద ఆగింది.

పైన ఆయన, కింద పైడమ్మ, నడి నీళ్ళలో మేము. దిగిపోతే మళ్ళీ పుష్యమాసం. అప్పటికి ఆయన ఏ తెప్ప మీద ఉంటాడో. ఇంత దూరం వచ్చి వెనక్కి పోవలసిందేనా అనిపించి ఏడుపు ముంచుకొచ్చింది. గవరయ్య మావయ్య నా ఎదురుగా బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

కుసుమ చెప్పినట్టు గమనించాను. నొప్పి పెరగలేదు. తగ్గనూ లేదు. వేలితో పన్ను నొక్కాను, పన్నులో కాదు. చిగురు నొక్కాను, అమ్మా! చిగురులోనే. మావయ్య మూట కట్టిన తాడులోంచి ఒక పోగు పీకి పన్ను పక్కన దించి లాగాను. గట్టిగా, పసుపుగా ఏదో ముక్క ఊడిపడింది.

నేను ముక్క వైపు చూశాను. గవరయ్య మావయ్య తన మూట వైపు చూశాడు.

"మావయ్యా, పొద్దున నువ్వు పెట్టింది ఏటది?"

"జంతికలే. లోతూరులో నూనె పొయ్యి పెట్టనివ్వరు కదా. ఎప్పుడో పైనించి వస్తే దాచాను. పెళ్ళికి పనికొస్తాయని."

"ఎప్పుడో అంటే?"

ఆయన పైకప్పు చూశాడు. నేను నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. ఆయనా నవ్వాడు. ఫోనులో పోలిరాజు "ఏటైంది, ఏటైంది" అని అరుస్తున్నాడు. చిగురు నొప్పి సర్దుకునేదాకా ఆగాం. పన్ను ఉలుకూ పలుకూ లేకుండా ఉంది.

"లాగు" అన్నాను.

బహుళ ద్వాదశి

నిన్నంతా నేను ఫోను ముట్టలేదు. దవడకు విశ్రాంతి అని మావయ్యతో చెప్పించాను. అది సగం నిజం. నిన్నటి నుంచి చేదలోకి మామూలు గాలి వదులుతున్నారు. మావయ్య గొంతు అప్పుడే బొంగురు పోయింది. నాది ఎలా దిగుతోందో నాలో నాకు వినిపిస్తోంది.

ఇవాళ కిటికీలో నీళ్ళు నల్లనుంచి నీలం, నీలంనుంచి పచ్చ అయ్యాయి. తర్వాత వెలుగు. పోయినసారి పైకి వచ్చిన ఎనిమిదేళ్ళకు మళ్ళీ ఎండ, నా మోచేతి మీద. మావయ్య నోరు తెరుచుకుని ఆ కిటికీనే చూస్తున్నాడు.

పైకి తేలాక తలుపు తెరవడానికి ఇంకా కొంతసేపు పడుతుంది, ఆఖరి బరువు దిగేదాకా. ఫోను మోగింది. మావయ్య తియ్యలేదు. రిసీవరు నా చేతిలో పెట్టి మొహం తిప్పుకున్నాడు.

"హలో" అన్నాను.

"ఎవలమ్మా? రత్నానికి ఇయ్యి ఫోను" అన్నాడు పోలిరాజు. అందరి గొంతూ మారుతుందని ఆయనకు తెలుసు. నాది ఇంత మారుతుందని తెలియదు.

"నానే."

అటువైపు చప్పుడు లేదు. సముద్రం చేదను కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ కాసేపట్లో నేను బళ్ళో పిల్లలందరినీ మళ్ళీ చూశాను.

"నానే పోలిరాజూ. ఇదే నా గొంతు. ఆరేళ్ళూ నువ్వు విన్నది ఆ గాలి గొంతు. ఇట్టమైతే తలుపు తీ, నేకపోతే ఇప్పుడే సెప్పీ, నడి సంద్రంలో నించోబెట్టి ఆలోచిస్తావేటి, బుద్ధుందా నీకు? ఎండలో ఉడికిపోతున్నాం ఇక్కడ!"

ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

"రత్నం" అన్నాడు. "ఇంకోపాలి తిట్టు."

తలుపు తెరుచుకునేదాకా తిడుతూనే ఉన్నాను. పన్ను ఒక్కసారి కూడా నొప్పి పెట్టలేదు.